రొయ్య ఏ చెరువుదో ఎలా తెలుస్తుంది? సర్టిఫైడ్ రొయ్యల ట్రేసబిలిటీపై తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం చుట్టుపక్కల చెరువుల రైతులకు సర్టిఫికేషన్ రికార్డులు రాసిపెట్టడం నా పని. మొదట్లో పుస్తకాల్లో రాసేవాణ్ణి, ఇప్పుడు ఫోన్లో కొడుతున్నాను. రైతులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు క్వాలిటీ సెక్షన్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు, డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అమ్మాయి, అందరూ తిప్పితిప్పి ఇవే అడుగుతున్నారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే ఓపిక లేక అన్నీ ఒక్కచోట రాసేస్తున్నాను. ఎక్కువగా వనామీ అనే చెరువు రొయ్య రకం గురించే ఉంటుంది, నాకు తెలిసింది అదే కాబట్టి.

ట్రేసబిలిటీ అంటే ఏంటండీ, ఒక్క ముక్కలో?

అమెరికాలో దుకాణంలో ఉన్న రొయ్యల ప్యాకెట్ చేత్తో పట్టుకుని, ఇది ఏ చెరువులో ఏ రోజు పట్టారు, సీడు (రొయ్య పిల్లలు) ఏ హేచరీది, ఏ మేత తిన్నది అని వెనక్కి వెతుక్కుంటూ రాగలగడం. ముందుకీ అంతే. ఫలానా చెరువు సరుకులో తేడా ఉందని తెలిస్తే అది ఏయే పెట్టెల్లోకి, ఏయే కంటైనర్లలోకి వెళ్లిందో చెప్పగలగాలి. పుస్తకాల్లో రాసుకున్నా ఇది జరుగుతుంది, కాకపోతే వెతకడానికి వారం పడుతుంది. డిజిటల్‌లో ఉంటే గంట. కొనేవాడికి ఆ గంటే కావాలి.

ఇంతకుముందు లేని ఈ గోల ఇప్పుడెందుకు?

లేకేం, ఉంది. కాకపోతే మనదాకా రాలేదు, ప్లాంటు వాళ్లే ఏదో ఒకటి రాసి పంపేవాళ్లు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మన సరుకు ఎంత పెరిగిందో మీకు తెలుసు. 2024-25లో దేశం నుంచి 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతైతే, అందులో సింహభాగం ఫ్రోజెన్ రొయ్యలదే, 7.41 లక్షల టన్నులు. అందులో ఎక్కువ కొనేది అమెరికా. ఒకడే ఎక్కువ కొంటుంటే వాడు పెట్టిన షరతే మనకు చట్టం.

అమెరికా వాళ్లకు సింప్ అని ఒక దిగుమతుల పర్యవేక్షణ పథకం ఉంది. మిగతా రకాలకు 2018 జనవరి నుంచే మొదలైంది, రొయ్యను మాత్రం 2018 డిసెంబరు 31 నుంచి చేర్చారు. చెరువు పేరు, దాని అనుమతి వివరం, జాతి, పట్టుబడి తేదీ, బరువు, ఎవరికి అప్పగించారు, ఇవన్నీ అక్కడి దిగుమతిదారు సరుకు దించుకునేటప్పుడే చూపించాలి. ఆయన కొచ్చిన్‌లోనో విశాఖలోనో ఉన్న ఎగుమతిదారుని అడుగుతాడు, ఎగుమతిదారు ఏజెంటుని అడుగుతాడు, ఏజెంటు మీకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, నీ సీఏఏ నంబరు వాట్సాప్ చెయ్యవా" అంటాడు, చెరువు రిజిస్ట్రేషన్ నంబరన్నమాట. గోల ఇదే.

దీనికి తోడు వాళ్ల ఆహార భద్రత చట్టం కింద 204 అనే నిబంధన ఒకటి ఉంది. 2026 జనవరిలో అమలు కావాల్సింది, 2028 జులై 20కి జరిగింది. అది వస్తే లాట్ కోడ్ (ఒక విడత సరుకుకు ఇచ్చే నంబరు) ప్రకారం మొత్తం సమాచారం అడిగిన 24 గంటల్లో, కంప్యూటర్లో వరసగా పేర్చి చూసుకునేలా ఇవ్వాలి. డైరీ పేజీ ఫొటో తీసి పంపితే కుదరదు. వాయిదా పడింది కదా అని వదిలేయొద్దు, పెద్ద కొనుగోలుదారులు గడువు కోసం ఆగడం లేదు, ఇప్పటి నుంచే అడుగుతున్నారు.

యూరప్ వాళ్లు ఏం అడుగుతారు?

ముందుగా యాంటీబయాటిక్. 2016లో మన చెరువు సరుకులో 10 శాతం కన్సైన్‌మెంట్లకు చేసే పరీక్షను ఒక్కసారిగా 50 శాతానికి పెంచారు. రెండు కంటైనర్లు పంపితే ఒకటి ఆపి చూస్తారన్నమాట. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కు వాళ్లు చర్య తీసుకునే హద్దు 2022 నవంబరు నుంచి 0.15 పీపీబీ. వెయ్యి టన్నుల రొయ్యలో ఒక గ్రాము ఉంటే ఒక పీపీబీ, అందులో ఏడో వంతుకు కాస్త ఎక్కువ. అందుకే పట్టుబడికి ముందే చెరువు నుంచి శాంపిల్ తీసి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబులో పరీక్ష చేయించి పీహెచ్‌టీ సర్టిఫికెట్ తీసుకోమంటారు. ఈ కాగితం కూడా ట్రేసబిలిటీలో భాగమే, ఎందుకంటే దాని మీద చెరువు వివరం ఉంటుంది. శాంపిల్ ఒక చెరువుది, సరుకు ఇంకో చెరువుది అయితే ఆ పరీక్షకు విలువేముంది?

సముద్రంలో పట్టిన సరుకుకు క్యాచ్ సర్టిఫికెట్ అని వేరే కాగితం 2010 నుంచే ఉంది. చెరువు రొయ్యకు అది అక్కర్లేదు.

సముద్రపు రొయ్య, చెరువు రొయ్య తేడా వాళ్లకెందుకు? రెండూ రొయ్యలేగా?

తాబేళ్ల వల్ల. వలలో చిక్కిన తాబేలు తప్పించుకునే పరికరం మన మరపడవల మీద లేదని, 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. మరి పెట్టెలో ఉన్నది చెరువుదే అని నిరూపించేది ఏది? ఆ చెరువు రికార్డే. మన చెరువులో తాబేలు ఎక్కడుందండీ అని నవ్వుకుంటారు గానీ, మీ పట్టుబడి చీటీ లేకపోతే మీ వనామీని కూడా అనుమానంతోనే చూస్తారు.

సర్టిఫికెట్ ఉంటే ట్రేసబిలిటీ ఉన్నట్టే కదా?

ఇక్కడే చాలామంది పొరపడతారు. చెరువు సర్టిఫికెట్ చెప్పేది పెంపకం సంగతి: మడ అడవి కొట్టి తవ్వలేదు, నీళ్లు అడ్డదిడ్డంగా కాలవలోకి వదలలేదు, కూలీలకు సరిగా ఇచ్చారు, వగైరా. ఆ చెరువు రొయ్యే ఈ పెట్టెలో ఉందని అది చెప్పదు. దానికి చెయిన్ ఆఫ్ కస్టడీ అని ఇంకో సర్టిఫికెట్, సరుకు చేతులు మారే ప్రతి చోటా ఉండాలి.

మన దగ్గర కనిపించేవి ముఖ్యంగా రెండు. బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్) వాళ్లది నక్షత్రాల లెక్క. ప్లాంటు, చెరువు, హేచరీ, మేత ఫ్యాక్టరీ నాలుగూ సర్టిఫై అయినవైతే 4 నక్షత్రాలు. ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) 2010లో పుట్టింది, రొయ్యల ప్రమాణం 2014లో వచ్చింది. 1999 తర్వాత మడ అడవి తీసి తవ్విన చెరువుకు ఇవ్వరు, యాంటీబయాటిక్ వాడిన సరుకు మీద వాళ్ల ముద్ర వేయనివ్వరు. సముద్రంలో పట్టేవాటికి ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) ఉంది, నీలం ముద్ర. మన దేశంలో దాన్ని మొదట 2014లో తెచ్చుకున్నది కేరళలోని అష్టముడి సరస్సు మత్తగుల్ల. ఏఎస్‌సీ వాళ్లు సరుకు చేతులు మారే లెక్కకు ఎంఎస్‌సీ కస్టడీ ప్రమాణాన్నే వాడుకుంటారు. దాని సారం ఇంతే: సర్టిఫైడ్ సరుకు విడిగా ఉండాలి, దాని మీద గుర్తు ఉండాలి, లెక్క తేలాలి.

సరే, చెరువు గట్టున ఏం రాసుకోవాలి?

ముందు మీ చెరువుకు ఒక శాశ్వత గుర్తు ఉండాలి. ఆటుపోటు గీత నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉంటే చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్, అదే సీఏఏ నంబరు. ఆకివీడు, కైకలూరు లాంటి లోపలి చెరువులకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, 2020 చట్టంతో వచ్చిన ఆక్వా అథారిటీ కింద. ఎంపెడా ఎన్‌రోల్‌మెంటు వేరు, అదీ ఉండాలి. అన్నిటిలోనూ పేరు, విస్తీర్ణం ఒకేలా ఉండేట్టు చూసుకోండి, సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది. తాతగారి పేరు మీద రిజిస్ట్రేషన్, నాన్నగారి పేరు మీద కరెంటు మీటరు, సాగు చేసేది కౌలుదారు, డబ్బు పడేది కౌలుదారు బావమరిది ఖాతాలో. ఇలాంటిది నేను కనీసం యాభై చూశాను. కంప్యూటరుకి ఈ చుట్టరికాలు అర్థం కావు.

తర్వాత సీడు. హేచరీ పేరు, దాని రిజిస్ట్రేషన్, ఎన్ని పిల్లలు, ఏ తేదీన వదిలారు, పీసీఆర్ (జబ్బు ఉందో లేదో చూసే పరీక్ష) రిపోర్టు. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి చెన్నైలో క్వారంటైన్ అయ్యి హేచరీకి వెళ్తాయి కాబట్టి అటు వైపు లెక్క మనకంటే శుభ్రంగానే ఉంటుంది. లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి చాలు.

మేత బస్తా మీద లాట్ నంబరు ఉంటుంది, దాన్ని ఎవరూ రాయరు. రాయండి. మందులు, ప్రోబయాటిక్స్, మినరల్స్ కొన్న బిల్లులన్నీ. షాపాయన "గ్రోత్ బాగుంటుంది" అని లేబుల్ లేని డబ్బా ఇస్తే అది రికార్డులో రాయలేరు, కాబట్టి చెరువులోనూ వేయకండి. నిజం చెప్పాలంటే నేను చూసిన యాంటీబయాటిక్ కేసుల్లో సగం మంది రైతులకు ఆ డబ్బాలో ఏముందో తెలియదు.

రోజువారీ ఆక్సిజన్, పీహెచ్, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూసిన లెక్క కూడా అడుగుతారు. ఇవి ముఖ్యమే గానీ ట్రేసబిలిటీ కోణంలో ప్రాణం లాంటిది మాత్రం పట్టుబడి చీటీ.

గొలుసు ఎక్కడ తెగుతుంది?

పట్టుబడి రాత్రి. ప్లాంటులో కాదు, ఓడలో కాదు, అమెరికాలో అసలే కాదు. చెరువు గట్టుకీ ప్లాంటు గేటుకీ మధ్య ఉన్న ఆ నాలుగైదు గంటల్లో.

మీకు తెలిసిందే, తెల్లవారుజామున రెండింటికి వల దించుతారు. లైట్లు సరిగా ఉండవు, వాన తుంపర, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) దగ్గర పేచీ. రైతు 40 అంటాడు, ఏజెంటు మనిషి 44 అంటాడు. ఐసు కరిగిపోతోందని డ్రైవరు అరుస్తుంటాడు. ఆ టైములో చెరువు నంబరు ఎవడికి గుర్తుంటుంది? తూకం చీటీ మీద "రాజుగారి చెరువు, 38 ట్రేలు" అని రాసి జేబులో పెట్టుకుంటారు. భీమవరం మండలంలో రాజుగారి చెరువు అంటే ఎన్ని ఉంటాయో నన్నడక్కండి.

పైగా వ్యాన్ నిండకపోతే దారిలో ఇంకో చెరువు సరుకు ఎక్కిస్తారు. దీంట్లో మోసం ఏమీ లేదు, ఏజెంటుకి డీజిల్ ఖర్చు. కానీ ఆ పక్క చెరువుకు సర్టిఫికెట్ లేకపోతే, ట్రేల మీద గుర్తు లేకపోతే, అక్కడితో అయిపోయింది. ఐసులో కలిసిన రొయ్యను ఏ యాప్ విడదీయలేదు.

నా అనుభవం ఒకటి చెప్తాను, ఇందులో నా తప్పు కూడా ఉంది. మూడేళ్ల క్రితం ఒక రైతుగారి చెరువు పట్టుబడికి నేను వెళ్లలేకపోయాను, చుట్టాల పెళ్లి. మర్నాడు మధ్యాహ్నం ఫోన్లో అడిగి ఫారం నింపాను: 2,150 కిలోలు, 40 కౌంట్. ఆరు వారాల తర్వాత ఆడిట్ వచ్చింది. ప్లాంటు గేటు దగ్గర తూకం 2,620 కిలోలు, అందులో కొన్ని ట్రేలు 60 కౌంట్. ఆ 470 కిలోలు ఎక్కడివి? ఏజెంటు పక్క ఊళ్లో ఎక్కించుకున్నాడు, అదే చీటీలో కలిపేశాడు. మొత్తం లాట్‌ని మామూలు సరుకు కింద మార్చేశారు. రైతుగారికి రావాల్సిన అదనపు రేటు పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. అప్పటి నుంచి నేను పట్టుబడి ఫారం మర్నాడు నింపను. గట్టు మీద నిలబడి, తూకం అవుతుండగానే, లొకేషన్ పడేలా ఫోన్లో ఫొటో తీసి ఎక్కిస్తాను. సిగ్నల్ లేకపోతే ఫోన్లోనే దాచుకుని తర్వాత అప్‌లోడ్ అయ్యే యాప్ వాడతాను. మొగల్తూరు అవతల కొన్నిచోట్ల సిగ్నల్ అనేది సముద్రపు గాలితో పాటు వచ్చిపోతుంటుంది.

మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ట్రేలకు చెరువు నంబరు ఉన్న రంగు ట్యాగులు, చీటీ మీద చెరువు గుర్తు, వ్యాన్ నంబరు, బయల్దేరిన టైము, రెండు సంతకాలు. ఈ ఐదూ ఉంటే మిగతాదంతా ప్లాంటు వాళ్లు చూసుకుంటారు.

ప్లాంటులో కలిసిపోవా?

కలవొచ్చు, కానీ అక్కడ పద్ధతి ఉంటుంది. గేటు దగ్గర లాట్ నంబరు ఇస్తారు. తల తీయడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ఫ్రీజింగ్, అన్ని చోట్లా ఆ నంబరు ట్రేతో పాటే నడవాలి. సర్టిఫైడ్ సరుకును వేరే షిఫ్టులోనో, ఉదయం మొదటి సరుకుగానో నడిపిస్తారు. గ్రేడింగ్ మెషిన్ దగ్గర జాగ్రత్త, అడుగున మిగిలిన పాత లాట్ రొయ్యలు కొత్తదాంట్లో పడతాయి. కొత్త కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: లాట్ మారినప్పుడు మెషిన్ ఖాళీ చేసి, టైము రాసి, అప్పుడే మళ్లీ మొదలుపెట్టండి.

అబద్ధం రాస్తే ఎవరికి తెలుస్తుందిలే?

లెక్క చెప్తుంది. ఆడిటర్లు చేసేది మన కిరాణా కొట్టు లెక్కే, దానికి మాస్ బ్యాలెన్స్ అని పెద్ద పేరు పెట్టారు. ఒక ఎకరం చెరువులో లక్షా అరవై వేల సీడు వదిలారు అనుకుందాం. నూటికి 75 బతికితే లక్షా ఇరవై వేలు. 50 కౌంట్‌లో పడితే 2,400 కిలోలు. కిలో రొయ్యకి 1.4 కిలోల మేత వేసుకుంటే 3,360 కిలోల మేత బిల్లులు ఉండాలి. ఇప్పుడు అదే ఎకరంలో 5 టన్నులు పడ్డాయని రాసి, మేత బిల్లులు 3 టన్నులకే ఉంటే ఆ మిగతా రొయ్యలు ఏం తిని పెరిగాయి, గాలా? చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వదలకూడదని సీఏఏ నిబంధన ఉంది కాబట్టి సీడు లెక్క ఇష్టమొచ్చినట్టు పెంచి చూపడం కూడా కుదరదు.

ప్లాంటులోనూ అంతే. తల తీస్తే బరువు మూడింట రెండొంతుల కంటే కాస్త తక్కువకు పడిపోతుంది. 10 టన్నులు లోపలికి వెళ్లి 8 టన్నుల తలలేని రొయ్య బయటికొస్తే, ఎక్కడో బయటి సరుకు కలిసింది లేదా నీళ్లు పట్టించారు. ఈ నీళ్లు పట్టించడం, పైన ఐసు పూత వేయడం ఉన్నాయే, అవి లెక్కను బాగా మసకబారుస్తాయి, అందుకే మంచి ఆడిటర్ నానబెట్టక ముందు బరువే అడుగుతాడు.

కాగితాల మీద పూర్తిగా నమ్మకం లేక రొయ్య కండలోని సూక్ష్మ మూలకాలను బట్టి ఏ ప్రాంతం నీళ్లలో పెరిగిందో పసిగట్టే పరీక్షలు కూడా ఏఎస్‌సీ మొదలుపెట్టింది. నీటి గుణం ఒంట్లో రాసి ఉంటుంది.

బ్లాక్‌చెయిన్ వస్తే ఇవన్నీ పోతాయట కదా?

పోవు. 2019 అక్టోబరులో వాల్‌మార్ట్ వాళ్లు మన ఆంధ్రప్రదేశ్ రొయ్యలనే తీసుకుని, ఇక్కడి ప్లాంటు నుంచి అమెరికాలో వాళ్ల శామ్స్ క్లబ్ దుకాణాల దాకా బ్లాక్‌చెయిన్‌లో ట్రాక్ చేసే ప్రయోగం ప్రకటించారు. అప్పట్లో ఇక్కడ ఒకటే హడావిడి. బ్లాక్‌చెయిన్ గొప్పదనం ఏంటంటే ఒకసారి రాసింది ఎవరూ గుట్టుగా మార్చలేరు. దాని ఇబ్బంది కూడా అదే. నేను పెళ్లిలో కూర్చుని ఊహించి రాసిన 2,150 కిలోలు కూడా అక్కడ చెరగకుండా ఉండిపోతాయి. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? గట్టు మీద తూకం సరిగా రాస్తే మామూలు ఎక్సెల్ షీటు చాలు అంటాను నేను. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఒప్పుకోరు.

జీడీఎస్‌టీ అని ఈమధ్య ప్రతి మెయిల్‌లో ఉంటోంది, ఏంటది?

అది యాప్ కాదు, భాష. ఒక్కో కంపెనీ ఒక్కో సాఫ్ట్‌వేర్ వాడుతుంది, ఒకదాని డేటా ఇంకోదానికి అర్థం కాదు. అందరూ ఏయే వివరాలు, ఏ పేర్లతో, ఏ రూపంలో పంపుకోవాలో కంపెనీలే 2017లో మాట్లాడుకోవడం మొదలుపెట్టి, 2020లో మొదటి ప్రమాణం తెచ్చాయి. బార్‌కోడ్ల సంస్థ జీఎస్1 వాళ్ల పద్ధతి మీద కట్టారు. ప్రతి సంఘటనకీ నాలుగు ప్రశ్నలు: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. హేచరీ నుంచి సీడు రావడం ఒక సంఘటన, పట్టుబడి ఒకటి, ప్లాంటులో రూపం మారడం ఒకటి, కంటైనర్ ఎక్కడం ఒకటి. ప్లాంటు వాళ్లు పట్టించుకోవాల్సిన విషయం ఇది. రైతుకి దీనితో నేరుగా పనిలేదు, కాకపోతే మీకిచ్చే యాప్‌లో గడులు ఎందుకు పెరిగాయో తెలుసుకోండి.

మన ప్రభుత్వం ఏమైనా చేస్తోందా?

ఎంపెడా శఫరి అనే పేరుతో యాంటీబయాటిక్ లేని సీడు, సాగుకు సర్టిఫికేషన్ పెట్టింది. శఫరం అంటే చేప, మన పాత పద్యాల్లోనూ ఉన్న మాటే, పేరు మాత్రం బాగా కుదిరింది. 2025 నవంబరు 21న ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు కేంద్రం జాతీయ ట్రేసబిలిటీ ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసింది. నా కోరిక ఒక్కటే, సీఏఏ, ఎంపెడా, రాష్ట్ర శాఖ ముగ్గురూ ఒకే చెరువుకు ఒకే నంబరు వాడితే బాగుండు.

డాలస్ నుంచి: ప్యాకెట్ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే రైతు ఫొటో వచ్చింది. నిజమేనా?

కావచ్చు, కాకపోవచ్చు అమ్మా. చాలా ప్యాకెట్ల మీద కోడ్ కంపెనీ ప్రచారం పేజీకి తీసుకెళ్తుంది, అందరికీ అదే నవ్వు ముఖం. ఆ పేజీలో నీ ప్యాకెట్ లాట్ నంబరు కనిపిస్తోందా చూడు. లాట్ నంబరు అడిగి, దాన్ని బట్టి పట్టుబడి నెల, ప్రాంతం చెప్తే కొంచెం నమ్మొచ్చు. లేకపోతే అది క్యాలెండర్ బొమ్మ లాంటిదే. ఏఎస్‌సీ, బీఏపీ ముద్ర పక్కన ఉండే కోడ్ నంబరు దీనికంటే పనికొస్తుంది.

ఎక్కడో తేడా వస్తే మన సరుకంతా వెనక్కి పంపేస్తారా?

ట్రేసబిలిటీ ఉంటే అంతా పంపరు, దాని అసలు ఉపయోగం అదే. 2025 ఆగస్టులో ఇండోనేషియా నుంచి అమెరికాకు వెళ్లిన రొయ్యల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం కనిపించింది. మొదట వాల్‌మార్ట్ 13 రాష్ట్రాల్లో మూడు లాట్ నంబర్ల ప్యాకెట్లను వెనక్కి తీసుకుంది, తర్వాత ఇంకొన్ని రీకాల్స్ వచ్చాయి. ప్రకటనలో లాట్ నంబర్లు, ఆఖరి తేదీలు రాసి, ఇవి పారేయండి అన్నారు. లాట్లే లేకపోతే దేశం పేరు చూసి మొత్తం తీసేసేవాళ్లు.

సర్టిఫికేషన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? రేటు ఎక్కువిస్తారా?

అందరూ చివర్లో సిగ్గుపడుతూ అడిగేది ఇదే, నిజానికి మొదట అడగాల్సింది. ఆడిట్ ఫీజు చిన్న రైతు ఒక్కడే పెట్టుకోలేడు. పది పదిహేను మంది కలిసి గ్రూపు సర్టిఫికెట్ తీసుకోవచ్చు, బీఏపీలోనూ ఏఎస్‌సీలోనూ ఆ దారి ఉంది. కాకినాడలోని నాక్సా అనే సంస్థ 2007 నుంచి చిన్న రైతులను సొసైటీలుగా కూడగడుతోంది, ముందు అక్కడ కనుక్కోండి. ఎక్కువసార్లు ప్లాంటు వాళ్లే ఖర్చు పెట్టి సర్టిఫికెట్ తెస్తారు. అప్పుడు ఒక చిక్కు ఉంది: సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది? ప్లాంటు పేరు మీద ఉంటే సరుకు వాళ్లకే అమ్మాలి, రేటు నచ్చకపోయినా.

అదనపు రేటు గ్యారంటీ లేదు. ఇస్తే కిలోకి కొద్దిగా ఇస్తారు, మార్కెట్ పడిపోయినప్పుడు అదీ ఇవ్వరు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు అదనపు రేటు సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు కొంటే చాలనుకున్నాం. రైతు రాసిన సమాచారంతో ఎగుమతిదారు, దిగుమతిదారు, దుకాణం ముగ్గురూ లాభపడుతున్నారు, రాసినవాడికి చేతికి మసి తప్ప ఏమీ అంటడం లేదు. ఈ మాట మీటింగుల్లో నేను అంటూనే ఉంటాను, చాయ్ ఇచ్చి కూర్చోబెడతారు. నా సలహా, రికార్డు ఇచ్చే ముందే అదనపు రేటు ఎంతో కాగితం మీద రాయించుకోండి.

మా లెక్కలన్నీ ఏజెంటుకి తెలిసిపోతే బేరంలో మమ్మల్ని నొక్కేయరా?

నొక్కేస్తారు, ఈ భయం సరైనదే. మేత అప్పు ఎంత, చెరువులో ఎన్ని టన్నులున్నాయి, జబ్బు తగిలిందా అన్నది కొనేవాడికి ముందే తెలిస్తే మీరు బేరమాడలేరు. కాబట్టి యాప్‌లో ఏది ఎవరికి కనిపిస్తుందో అడగండి. చెరువు గుర్తు, తేదీలు, పట్టుబడి బరువు, పరీక్ష రిపోర్టులు సరుకుతో పాటు వెళ్లాలి. మీ ఖర్చులు, బతికిన శాతం, అప్పులు వెళ్లనక్కర్లేదు. అవి ఆడిటర్ వచ్చినప్పుడు చూపిస్తే చాలు. మేత కంపెనీ ఉచితంగా ఇచ్చిన యాప్ అయితే ఇంకా ఎక్కువ అడగండి.

పీలింగ్ షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి ఈ రికార్డుల్లో ఉంటుందా?

ఉండదు, దాదాపు. 2024 మార్చిలో మన రొయ్యల రంగంలో పని పరిస్థితుల మీద అమెరికాలో నివేదికలు వచ్చాక కొనుగోలుదారులు గట్టిగా అడగడం మొదలుపెట్టారు. సర్టిఫికేషన్ ప్రమాణాల్లో కూలి, పని గంటలు, వయసు గురించి ఉంది, ఆడిట్ రోజున చూస్తారు. కానీ లాట్ నంబరు చెప్పేది రొయ్య ఎటు నడిచిందో మాత్రమే, దాన్ని వొలిచిన మనిషికి ఎంత ఇచ్చారో చెప్పదు. లాట్ ఏ షెడ్‌లో వొలిచారో రాయడం మొదలుపెడితే కనీసం ఎక్కడికెళ్లి అడగాలో తెలుస్తుంది, ఇప్పుడు చాలాచోట్ల అది కూడా లేదు.

మా నాన్నకి స్మార్ట్‌ఫోన్ రాదు. ఏం చేయాలి?

పుస్తకం రాయమనండి. నాన్నగారి తరం చేతిరాత చాలా బాగుంటుంది, తేదీ తప్పరు. రోజూ సాయంత్రం మీరు ఫొటో తీసి ఎక్కించండి. నాకు తెలిసిన అత్యంత శుభ్రమైన చెరువు రికార్డు ఉండి అనే ఊరి దగ్గర ఒక పెద్దాయనది, పాల లెక్క పుస్తకంలో పెన్సిల్‌తో.

రికార్డులు ఎన్నాళ్లు దాచాలి?

అమెరికా దిగుమతిదారు రెండేళ్లు దాచాలి. ఎగుమతై, గోడౌన్లో ఉండి, అమ్ముడయ్యే సరికి ఆర్నెల్లు పడుతుంది కాబట్టి మీరు పట్టుబడి రోజు నుంచి మూడేళ్లు లెక్కేసుకోండి. ఫోన్ మారినప్పుడు పాత ఫొటోలు పోతుంటాయి, ఎవరో ఒకరి మెయిల్‌కి పంపి ఉంచండి. తూకం చీటీ మాత్రం ఆ రోజే ఫొటో తీయండి, ఆ కాగితం మీద సిరా నెల తిరక్కుండానే ఎగిరిపోతుంది, ఐసు నీళ్లు తగిలితే ఇంకా ముందే.